ఈ-వ్యర్థాల నుంచి బ్యాక్టీరియాతో రాగి: విశాఖ విద్యార్థులకు, చిన్న ప్రయోగశాలలకు సమగ్ర మార్గదర్శి

పనికిరాని కంప్యూటర్ సర్క్యూట్ బోర్డులు ఒక టన్ను పోగేస్తే వాటిలో సుమారు 200 కిలోల రాగి ఉంటుంది. గనుల్లో తవ్వితీసే రాగి ఖనిజంలో ఈ రోజుల్లో చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండడం లేదు, అంటే టన్ను రాయిని పిండి చేస్తే పది కిలోల లోపే. అంత విలువైన పదార్థం మన ఇళ్ల అటకల మీద, ఆఫీసుల స్టోరు గదుల్లో, తుక్కు కొట్ల మూలల్లో దుమ్ము పట్టి పడివుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగుపడ్డాయి. వాటిలో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు అందినవి 22.3 శాతమే. లెక్కకు అందనివాటికి మన దేశంలో పట్టే గతి చాలామందికి తెలుసు: తీగలను ఆరుబయట కాల్చడం, బోర్డులను ఘాటైన ఆమ్లాల్లో ముంచడం, మిగిలిన ద్రవాన్ని కాలవలో పారబోయడం. ఆ పని చేసేవాళ్లు పేదవాళ్లు, ఆ పొగ పీల్చేది వాళ్ల పిల్లలు.

ఇక్కడ వివరించేది వేరే దారి. ఇనుమును ఆహారంగా తీసుకునే ఒక బ్యాక్టీరియాతో, గది ఉష్ణోగ్రతలోనే, పలుచని ఆమ్లంలో బోర్డుల నుంచి రాగిని కరిగించి బయటకు తీయడం. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమికల్ ఇంజినీరింగ్ చదివే డిగ్రీ, పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేయదగిన ప్రయోగమిది. వంటింట్లోనూ మేడ మీదా చేసేది కాదు. దీంతో డబ్బు సంపాదిద్దామని వచ్చినవారికి మొదటే ఒక లెక్క చెప్పాలి: 20 లీటర్ల డ్రమ్ములో ఒక విడతకు పూర్తిగా కరిగినా దొరికేది 40 గ్రాముల రాగి. దీని విలువ పద్ధతిని ఒంటబట్టించుకోవడంలో ఉంది.

ముందుగా, బ్యాక్టీరియా చేసేదేమిటి

బ్యాక్టీరియా రాగిని తింటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మనం వాడే జీవి పేరు అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్. అమెరికాలో బొగ్గు గనుల నుంచి కారే ఆమ్లజలాన్ని పరిశీలిస్తూ 1947లో కోల్మర్, హింకిల్ అనే శాస్త్రవేత్తలు దీని ఉనికిని వెల్లడించారు. ఫెర్రస్ ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుని దాన్ని ఫెర్రిక్ ఇనుముగా మార్చడమే దీని బతుకుతెరువు. ఆ మార్పులో వచ్చే కొద్దిపాటి శక్తితో గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకుని తన శరీరాన్ని కట్టుకుంటుంది. దీనికి చక్కెర అక్కర్లేదు, పైగా సేంద్రియ పదార్థాలు దీని ఎదుగుదలను దెబ్బతీస్తాయి.

రాగిని కరిగించేది ఆ ఫెర్రిక్ ఇనుము. రెండు ఫెర్రిక్ అయాన్లు ఒక రాగి పరమాణువును ద్రావణంలోకి లాగి, తాము మళ్లీ ఫెర్రస్‌గా మారతాయి. బ్యాక్టీరియా వాటిని తిరిగి ఫెర్రిక్ చేస్తుంది. చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది. ఆమ్లం, గాలి అందినంత కాలం అదే ఇనుము మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసుకుంటే తర్వాతి దశలన్నీ తేలికవుతాయి. ఒక గ్రాము రాగి కరగడానికి 1.76 గ్రాముల ఫెర్రిక్ ఇనుము కావాలి. మనం వాడే పోషక ద్రావణంలో లీటరుకు దాదాపు 9 గ్రాముల ఇనుము ఉంటుంది. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే లీటరు ద్రావణం సుమారు 5 గ్రాముల రాగిని మోయగలదు. లీటరుకు 10 గ్రాముల బోర్డు పొడి వేస్తే అందులో రాగి 2 గ్రాములే కాబట్టి, మొదటి చుట్టులోనే సరిపోయేంత ఫెర్రిక్ మన చేతిలో ఉంటుంది.

బంగారం సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి

ఈ విషయం చెప్పగానే ఎవరైనా అడిగేది బంగారం గురించే. క్రోమోబాక్టీరియం వయోలేసియం అనే బ్యాక్టీరియా గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి సయనైడు తయారుచేస్తుంది, ఆ సయనైడు బంగారాన్ని కరిగిస్తుంది. ఇది నిజం, దీనిపై పరిశోధనలు కూడా ఉన్నాయి. కానీ ఆ ద్రావణంలో పీహెచ్ కాస్త పడిపోతే చాలు, హైడ్రోజన్ సయనైడు వాయువు బయటకొస్తుంది. పైగా ఆ బ్యాక్టీరియా అరుదుగానైనా మనుషుల్లో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ కలిగిస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి చేసిన ఘోరం ఈ నగరం చూసింది. విషవాయువు ఊరి మధ్యకు వస్తే ఏమవుతుందో విశాఖవాసులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే సయనైడు దారిని ఈ మార్గదర్శిలో చేర్చలేదు. తగిన గ్యాస్ హుడ్లు, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న పరిశోధనశాలలకే దాన్ని వదిలేయాలి. మన పద్ధతిలోనూ కొంత బంగారం చేతికి వస్తుంది, సయనైడు లేకుండానే. అది ఎలాగో తర్వాత చెబుతాను.

మొదటి దశ: చోటు, నీరు, సామగ్రి

గాలి ఆడే ప్రయోగశాల, చేతులు కడుక్కునే కుళాయి, ఆమ్లం ఒలికితే చల్లడానికి సోడా ఉప్పు తప్పనిసరి. కళ్లద్దాలు, నైట్రైల్ చేతి తొడుగులు, కోటు లేకుండా పని మొదలుపెట్టకూడదు.

ఈ బ్యాక్టీరియాకు 28 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ హాయి. విశాఖ వాతావరణం ఏడాదిలో ఎక్కువ కాలం దానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి ఇంక్యుబేటర్ లేకపోయినా పని సాగుతుంది. కానీ ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు గదులు బాగా వేడెక్కుతాయి. 37 డిగ్రీలు దాటితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, ఇంకా పెరిగితే కల్చర్, అంటే మనం ద్రావణంలో పెంచే బ్యాక్టీరియా, చచ్చిపోతుంది. ఎండాకాలంలో కింది అంతస్తు గది చూసుకోవాలి.

నీటి గురించి గట్టిగా చెబుతున్నాను: డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. ఈ జీవికి క్లోరైడు పడదు. సముద్రతీర నగరంలో బోరు నీటిలో ఉప్పు శాతం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, మునిసిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది. కల్చర్ ఎందుకు పెరగడం లేదో అర్థంకాక తల పట్టుకునేవారు మొదట చూడాల్సింది నీటినే. గాజు సామానును కూడా చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తోనే తొలవాలి. పీహెచ్ సరిచేయడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకూడదన్నదీ ఇందుకే.

మిగతా సామగ్రి: 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులు, నిమిషానికి 150 చుట్లు తిరిగే షేకర్, పీహెచ్ మీటరు, బ్యూరెట్, తూకం యంత్రం, సూక్ష్మదర్శిని. షేకర్ లేనివారు చేపల తొట్టెకు వాడే గాలి పంపుతో నెట్టుకురావచ్చు. ఇనుప పాత్రలు వద్దు, గాజు లేదా గట్టి ప్లాస్టిక్‌వే కావాలి.

రెండో దశ: కల్చర్ తెప్పించడం, 9కె మీడియం కలపడం

చండీగఢ్‌లోని మైక్రోబియల్ టైప్ కల్చర్ కలెక్షన్ నుంచి గానీ, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో ఉన్న సూక్ష్మజీవుల భాండాగారం నుంచి గానీ కల్చర్ కోసం కళాశాల పేరుతో దరఖాస్తు చేయాలి. ఎక్కడో గని నీళ్లు తెచ్చి అందులోంచి బ్యాక్టీరియాను వేరుచేయడం ఆసక్తికరమైన పనే, కానీ అది మరో ప్రాజెక్టు. మొదటిసారి చేసేవారికి గుర్తింపు ఉన్న కల్చరే మంచిది. ఫలితం తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో వెతుక్కోవడం సులువవుతుంది.

ఈ జీవికి 1959లో సిల్వర్‌మన్, లండ్‌గ్రెన్ రూపొందించిన 9కె మీడియం అనే పోషక ద్రావణం ఇప్పటికీ ప్రామాణికం. లీటరుకు కొలతలు ఇవి:

అమ్మోనియం సల్ఫేట్ 3 గ్రా., డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.5 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 0.5 గ్రా., పొటాషియం క్లోరైడ్ 0.1 గ్రా., కాల్షియం నైట్రేట్ 0.01 గ్రా. వీటిని 700 మి.లీ. నీటిలో కరిగించి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కు దించి ఆటోక్లేవ్ చేయాలి, అంటే పీడనంలో ఉన్న ఆవిరితో సూక్ష్మజీవులను చంపాలి. ఈ కొద్దిపాటి పొటాషియం క్లోరైడ్‌తో ఇబ్బంది లేదు.

ఫెర్రస్ సల్ఫేట్, అంటే మన అన్నభేది, 44.2 గ్రా. తూచి 300 మి.లీ. ఆమ్లజలంలో విడిగా కరిగించాలి. దీన్ని ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. వేడికి ఫెర్రస్ ఇనుము ఆక్సీకరణం చెంది గోధుమరంగు మడ్డిగా దిగిపోతుంది. 0.2 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టి, చల్లారిన మొదటి ద్రావణంలో కలపాలి. ఆపైన పీహెచ్ 1.8 దగ్గర ఉండేలా చూసుకోవాలి. ఇంత పులుపులో బతికే ఇతర సూక్ష్మజీవులు తక్కువే కాబట్టి మామూలు కల్చర్లకు పడే కాలుష్య భయం ఇక్కడ అంతగా లేదు.

వేరుసెనగ, వరి నారుమళ్లలో ఇనుప ధాతు లోపానికి రైతులు పిచికారీ చేసే అన్నభేది ఎరువుల దుకాణాల్లో చౌకగా దొరుకుతుంది. పెద్ద డ్రమ్ములకు అది చాలు. కొనేటప్పుడు లేత ఆకుపచ్చ స్ఫటికాలు ఏరుకోండి. గోధుమరంగుకు తిరిగినది పాడైపోయినట్టే.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు ఎప్పుడూ నీటిలోకే ఆమ్లం పోయాలి, కొద్దికొద్దిగా, కలుపుతూ. ఆమ్లంలోకి నీరు పోస్తే అది మరిగి ముఖం మీదికి చిందుతుంది.

మూడో దశ: బ్యాక్టీరియాను పెంచడం

250 మి.లీ. ఫ్లాస్కులో 90 మి.లీ. మీడియం, 10 మి.లీ. కల్చర్ పోసి దూది బిరడా పెట్టి షేకర్ మీద ఉంచండి. దూది బిరడా గాలి ఆడనిస్తుంది, రబ్బరు బిరడా పెడితే కల్చర్ ఊపిరాడక ఆగిపోతుంది. పక్కనే బ్యాక్టీరియా లేని ఫ్లాస్కు ఒకటి అదే మీడియంతో పెట్టండి. అది లేకపోతే ఈ ప్రయోగానికి అర్థం లేదు. గాలికి దానంతటదే జరిగే మార్పెంత, బ్యాక్టీరియా వల్ల జరిగిందెంత అని చెప్పగలిగేది ఆ ఫ్లాస్కు ఒక్కటే.

మొదట లేత ఆకుపచ్చగా ఉన్న ద్రావణం క్రమంగా పసుపు, తేనెరంగు, చివరకు ఎర్రని ఇటుకరంగుకు తిరుగుతుంది. కొత్తగా తెచ్చిన కల్చర్‌కు ఇది వారం పైన పట్టవచ్చు. రెండు మూడు సార్లు కొత్త మీడియంలోకి మార్చాక రెండు మూడు రోజులకే రంగు తిరుగుతుంది. బ్యాక్టీరియా లేని ఫ్లాస్కు అప్పటికి దాదాపు ఆకుపచ్చగానే ఉండాలి.

రంగుతోనే సరిపెట్టుకోకుండా ఫెర్రస్ ఎంత మిగిలిందో కొలవండి. ఒక మి.లీ. నమూనాకు పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం, కొద్దిగా ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి, 0.02 మోలార్ పొటాషియం పర్మాంగనేట్‌తో లేత గులాబీరంగు నిలిచేదాకా టైట్రేట్ చేయాలి. పర్మాంగనేట్ ఒక మి.లీ. ఖర్చయితే 5.6 మి.గ్రా. ఫెర్రస్ ఇనుము ఉన్నట్టు. తాజా మీడియంకు 1.6 మి.లీ. దాకా పడుతుంది. కల్చర్ పూర్తిగా తయారైతే ఒకటి రెండు చుక్కలకే గులాబీరంగు వచ్చేస్తుంది.

అడుగున పసుపు పొడి పేరుకుంటే అది జారోసైట్. పీహెచ్ పెరిగినప్పుడు ఫెర్రిక్ ఇనుము, పొటాషియం లేదా అమ్మోనియం, సల్ఫేట్ కలిసి ఇలా గట్టిపడతాయి. మన చేతిలో ఉండాల్సిన ఇనుము అడుగుకు పోయినట్టే లెక్క. కొంచెం కనిపిస్తే పర్వాలేదు, దట్టంగా పేరుకుంటే తదుపరి విడతలో పీహెచ్‌ను 1.6 నుంచి 1.8 మధ్య పట్టి ఉంచండి.

నాలుగో దశ: బోర్డులను సిద్ధం చేయడం

నా దృష్టిలో మొత్తం ప్రయోగంలో ఎక్కువ ప్రమాదం ఉన్నది ఇక్కడే, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేదీ దీన్నే. బ్యాక్టీరియా ఎవరికీ హాని చేయదు. బోర్డు దుమ్ము చేస్తుంది. గాజుపీచు, సీసం, బ్రోమిన్ ఉన్న రెసిన్ అన్నీ ఆ దుమ్ములోనే ఉంటాయి.

డాబాగార్డెన్స్, ద్వారకానగర్, గాజువాక వైపు మరమ్మతు దుకాణాల వారిని అడిగితే నాలుగైదు పాత బోర్డులు ఇస్తారు. ప్రయోగానికి అంతకన్నా అక్కర్లేదు. ఒకే రకం బోర్డులు ఎంచుకోండి. మదర్‌బోర్డు, టీవీ బోర్డు, ఫోను బోర్డు కలిపేస్తే ఏ నమూనాలో ఎంత రాగి ఉందో చెప్పలేరు. ముందుగా బటన్ సెల్, లిథియం బ్యాటరీ, కెపాసిటర్లు, రిలేలు, అల్యూమినియం హీట్‌సింకులు ఊడదీసి వేరుగా పెట్టాలి. వేడి పెట్టి టంకం కరిగించి ఊడదీయవద్దు, హానికరమైన పొగ వస్తుంది. కటింగ్ ప్లయర్‌తో కత్తిరించడమే మేలు.

ఆ తర్వాత రెండు దారులున్నాయి.

మొదటిది పొడి చేయడం. ముక్కలను నీటితో తడుపుతూనే కత్తిరించి, మూత బిగుతుగా ఉండే మిల్లులో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పరిమాణానికి తేవాలి. ఆ సమయంలో ఎన్95 మాస్కు, దుమ్ము లాగే హుడ్ తప్పనిసరి. తర్వాత పొడిని గాఢమైన ఉప్పునీటిలో వేస్తే తేలికైన ప్లాస్టిక్ పైకి తేలుతుంది, లోహపు రేణువులు దిగుతాయి. ఇలా చేస్తే మాత్రం పొడిని డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడగాలి. క్లోరైడు గురించి పైన చెప్పిన హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుంది.

రెండోది ముక్కలుగానే వాడటం. బోర్డుల మీద ఉండే ఆకుపచ్చ పూత రాగిని ద్రావణానికి అందనివ్వదు. ఆ పూతను గాఢ కాస్టిక్ సోడా ద్రావణంలో ఒక రాత్రి నానబెట్టి తొలగిస్తే, మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్కలు కూడా లీచింగ్‌కు, అంటే లోహాన్ని ద్రావణంలోకి కరిగించి తీయడానికి, పనికొస్తాయి. దుమ్ము లేదు, చివర్లో వడకట్టే బాధా తక్కువ. లీటరుకు 400 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది, చర్మాన్నీ కళ్లనూ కాల్చేస్తుంది కాబట్టి ఈ పని అధ్యాపకులే చేయాలి. అల్యూమినియం ముక్క ఒక్కటి ఉండిపోయినా హైడ్రోజన్ వాయువు పొంగుతుంది. ఒకటి రెండు పొరల బోర్డులకు ఈ దారి బాగుంటుంది. పొరలెక్కువ ఉన్న మదర్‌బోర్డుల్లో లోపలి రాగి గాజుపీచు మధ్య ఇరుక్కుని ఉంటుంది, అంచుల దగ్గర తప్ప ద్రావణం చేరదు. వాటికి పొడే గతి. మొదటిసారి చేసేవారికి నా సలహా, ఒక పొర బోర్డులు తీసుకుని ముక్కలతోనే మొదలుపెట్టండి.

ఏ దారిలో వెళ్లినా చివర కడిగి ఆరబెట్టి, తూచి, అందులోంచి కొంత నమూనాను లోహ పరీక్షకు తీసి ఉంచండి. మొదట ఎంత రాగి ఉందో తెలియకపోతే చివర ఎంత శాతం వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ఐదో దశ: రెండంచెల లీచింగ్

బ్యాక్టీరియాను, బోర్డు పొడిని మొదటి రోజునే కలిపేయడం చూడటానికి సులువు. కానీ పొడిలోంచి వెలువడే లోహాలు, రెసిన్ పదార్థాలు లేత కల్చర్‌ను అణిచేస్తాయి. స్విట్జర్లాండ్‌లో బ్రాండల్ బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో లీటరుకు 10 గ్రాములు దాటిన పొడి సూక్ష్మజీవుల ఎదుగుదలను నిరోధించింది. పొడి లేకుండా ముందు కల్చర్‌ను పెంచి, ఆ తర్వాత పొడి కలిపే పద్ధతిని వాళ్లు సూచించారు. ఈ మార్గదర్శి అంతా నిలబడింది ఆ ఒక్క సూత్రం మీదే: ముందు ఫెర్రిక్‌ను సిద్ధం చేసుకో, తర్వాత రాగి దగ్గరకు వెళ్లు.

ఇటుకరంగుకు తిరిగిన 100 మి.లీ. కల్చర్‌లో ఒక గ్రాము పొడి లేదా ముక్కలు వేయండి. మొదటి కొన్ని గంటలు పక్కనే ఉండాలి. బోర్డులోని గాజుపీచు, అల్యూమినియం, జింకు ఆమ్లాన్ని మింగేస్తాయి, పీహెచ్ చకచకా పెరుగుతుంది. 2 దాటనివ్వకుండా పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చుక్కలుగా కలుపుతూ ఉండండి. ఎంత ఆమ్లం పోశారో రాసుకోండి, పెద్ద ఎత్తున చేసినప్పుడు అసలు ఖర్చు అదే. మొదటి రోజు తర్వాత పూటకొకసారి చూస్తే చాలు.

ఫెర్రిక్ ఖర్చయ్యేకొద్దీ ఎర్రదనం తగ్గి, రాగి కరిగేకొద్దీ ఆకుపచ్చ-నీలిఛాయ వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో బ్యాక్టీరియా తేరుకుని ఫెర్రస్‌ను మళ్లీ మార్చడం మొదలుపెడితే ఎర్రదనం తిరిగొస్తుంది. తిరిగి రాకపోతే సూక్ష్మదర్శినిలో చూడండి. ఒక మైక్రాన్ పొడవున్న సన్నని కడ్డీల్లాంటి కణాలు కదులుతూ కనిపిస్తున్నాయా, లేదా? కనిపించకపోతే పొడి ఎక్కువైనట్టు. తదుపరి విడతలో సగం పొడితో మొదలుపెట్టి, ప్రతి విడతకూ కొంచెం పెంచుతూ కల్చర్‌కు అలవాటు చేయాలి. ఈ అలవాటు చేయడంలో తొందర పడకూడదు. వారాలు పట్టినా సరే, అలవాటు పడిన కల్చర్ ఒక ప్రయోగశాలకు నిజమైన ఆస్తి.

సాధారణంగా వారం పది రోజుల్లో అందుబాటులో ఉన్న రాగిలో అధిక భాగం కరుగుతుంది. జింకు, నికెల్, అల్యూమినియం కూడా కరుగుతాయి. సీసం మాత్రం సల్ఫేట్‌గా మారి అడుగునే ఉండిపోతుంది, తగరం ఆక్సైడుగా దిగుతుంది.

రాగి వచ్చిందో లేదో వెంటనే చూడాలంటే కొద్దిగా ద్రావణంలో అమ్మోనియా కలపండి. ఇనుము గోధుమరంగు ముద్దగా విడిపోయి, పైనున్న ద్రవం ముదురు నీలంగా మారితే రాగి ఉన్నట్టే. అసలు మోతాదు తెలియాలంటే అటామిక్ అబ్జార్ప్షన్ స్పెక్ట్రోమీటరుతో కొలిపించాలి. రోజూ కొలిపించే స్తోమత లేకపోతే 1, 3, 5, 7, 10వ రోజుల నమూనాలు వడకట్టి, ఆమ్లం కలిపి దాచి, ఒకేసారి ఇవ్వండి. బ్యాక్టీరియా లేని ఫ్లాస్కుకూ ఇదే పొడి, ఇదే ఆమ్లం, ఇవే రోజులు.

బంగారం సంగతి ఇప్పుడు. ర్యామ్, ఎక్స్‌పాన్షన్ కార్డుల అంచున మెరిసే బంగారు పళ్ల కింద నికెల్, దాని కింద రాగి ఉంటాయి. ఫెర్రిక్ ద్రావణం అంచుల నుంచి లోపలికి చేరి ఆ రెండింటినీ కరిగించేస్తే, పైనున్న బంగారం పలుచని రేకులుగా ఊడి తేలుతుంది. ఆ పళ్లను మాత్రం వేరుగా కత్తిరించి మరో ఫ్లాస్కులో వేస్తే రేకులు ఫిల్టర్ కాగితం మీద కనిపిస్తాయి. మందమైన పూత ఉన్న కార్డుల్లో కూడా అది ముప్పావు మైక్రానే. చదరపు సెంటీమీటరుకు మిల్లీగ్రామున్నర. మామూలు కార్డుల్లో ఇంకా తక్కువ. విద్యార్థులు కళ్లారా చూడదగిన దృశ్యమే గానీ, ఆదాయం లెక్కలు వేయదగినది కాదు.

ఆరో దశ: రాగిని దించడం

ద్రావణంలో రాగి ఉన్నంత మాత్రాన పని పూర్తి కాలేదు. దాన్ని లోహంగా దించే పాత పద్ధతి ఇనుముతోనే. ఇనుము వేస్తే అది కరిగి, దాని మీద రాగి ఎర్రని పొడిగా దిగుతుంది. ఒక గ్రాము రాగికి లెక్క ప్రకారం 0.88 గ్రాముల ఇనుము చాలు. ద్రావణంలో మిగిలిన ఫెర్రిక్, ఆమ్లం కూడా ఇనుమును తింటాయి కాబట్టి నిజానికి అంతకు మించి పడుతుంది. దీన్ని తగ్గించే ఉపాయం ఉంది: దించడానికి ముందు ద్రావణాన్ని గాలి ఊదకుండా కొన్ని గంటలు కొత్త బోర్డు ముక్కల మీద నిలబెట్టండి. మిగిలిన ఫెర్రిక్ ఆ కొత్త రాగిని కరిగించడానికి ఖర్చవుతుంది, ఇనుము వృథా కాదు.

ఆటోనగర్ లేత్ షాపుల్లో దొరికే ఇనుప రజను దీనికి బాగా పనికొస్తుంది. నూనె జిడ్డు పోయేలా సబ్బునీటితో కడిగి వాడండి. స్టెయిన్‌లెస్ స్టీలు రజను పనికిరాదు. వడకట్టిన ద్రావణంలో రజను వేసి కలుపుతూ ఉంటే గంటా రెండు గంటల్లో నీలిఛాయ పోతుంది. చిన్న బుడగలు వస్తాయి, అవి హైడ్రోజన్ కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు. అడుగున చేరిన రాగి పొడిని కడిగి త్వరగా ఆరబెట్టాలి, తడిగా వదిలేస్తే నల్లబడుతుంది. అందులో ఇనుము కొంత కలిసే ఉంటుంది. స్వచ్ఛమైన రాగి కావాలంటే విద్యుద్విశ్లేషణతో శుద్ధి చేయాలి.

మిగిలిన ద్రావణం చూడండి: అది ఫెర్రస్ సల్ఫేట్. పీహెచ్ సరిచేసి, కొద్దిగా అమ్మోనియం, ఫాస్ఫేట్ లవణాలు కలిపితే బ్యాక్టీరియాకు మళ్లీ ఆహారం. అన్నభేది కొత్తగా కొనాల్సిన అవసరం తగ్గుతుంది. కొన్ని విడతల తర్వాత జింకు, నికెల్, అల్యూమినియం పేరుకుపోయి కల్చర్ నెమ్మదిస్తుంది, అప్పుడు కొంత ద్రావణం తీసేసి కొత్తది చేర్చాలి.

ఏడో దశ: మిగిలినదాన్ని ఏం చేయాలి

ఈ దశ వదిలేసినవారు ముందు దశలన్నీ చేయకపోవడమే మంచిది. తీసేసిన ద్రావణాన్ని సింకులో పోస్తే అది కాలవలోకి, కాలవ నుంచి గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి చేరుతుంది. కరిగిన రాగి చాలా తక్కువ మోతాదులోనే చేపలకు, వాటికి ఆహారమైన నాచుకు విషం. ఈ నగరంలో సముద్రం మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి.

ద్రావణానికి సున్నపు తేట కాకుండా చిక్కని సున్నపు పాలు నెమ్మదిగా కలుపుతూ పీహెచ్ 9 దగ్గరకు తేవాలి. లోహాలు హైడ్రాక్సైడ్లుగా, సల్ఫేట్ జిప్సంగా దిగుతాయి. తేరిన నీటిలో రాగి, జింకు, నికెల్ పరీక్షించి, పరిమితుల లోపల ఉందని తేలాకే, పీహెచ్ తటస్థానికి తెచ్చి వదలాలి. అడుగున దిగిన మడ్డి, సీసం ఉన్న బోర్డు అవశేషం ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయి. వాటిని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో, లోపల ఏముందో, ఏ తేదీదో రాసిన చీటీతో ఉంచి, కళాశాల ద్వారా అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి పంపాలి. విశాఖ ప్రాంతానికి అలాంటి కేంద్రం పరవాడ ఫార్మా సిటీలో ఉంది. మొదట ఊడదీసిన బ్యాటరీలు, కెపాసిటర్లు రిజిస్టరైన ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కు వెళ్లాలి.

డ్రమ్ముకు మారాలనుకుంటే

ఫ్లాస్కులో వరుసగా ఒకే తరహా ఫలితం వచ్చాకే 20 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు వెళ్లండి. అక్కడ ఇబ్బంది గాలితో వస్తుంది. ఇనుము ఆక్సీకరణానికి ఆక్సిజన్, శరీర నిర్మాణానికి కార్బన్ డయాక్సైడు రెండూ గాలి నుంచే రావాలి కాబట్టి రాత్రింబవళ్లు గాలి ఊదుతూ ఉండాలి. కరెంటు పోతే పంపు ఆగకుండా ఇన్వర్టరు పెట్టుకోవాలి. కల్చర్ పెంచే డ్రమ్ము, బోర్డులు కరిగించే డ్రమ్ము వేర్వేరుగా ఉంటే పని సాఫీగా సాగుతుంది: ఒకదాంట్లో తయారైన ఫెర్రిక్ ద్రావణం రెండోదానికి, అక్కడ రాగిని దించాక మిగిలిన ఫెర్రస్ ద్రావణం తిరిగి మొదటిదానికి. బ్యాక్టీరియా బోర్డుల విషానికి దూరంగా ఉంటుంది, లీటరుకు 10 గ్రాముల హద్దు కూడా అంతగా అడ్డురాదు.

దీన్ని వ్యాపారంగా చేయాలనుకునేవారికి చట్టం స్పష్టంగా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2022 నాటి ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. యూనిట్ నెలకొల్పడానికి, నడపడానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు వేరుగా తీసుకోవాలి. తుక్కు కొట్టు వెనక షెడ్డులో డ్రమ్ములు పెట్టి మొదలుపెట్టే పని కాదిది.

కల్చర్‌ను కాపాడుకోవడం

సెలవులకు ముందు తయారైన కల్చర్‌ను రెండు మూడు సీసాల్లో వేర్వేరు చోట్ల 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు వారాలకోసారి బయటకు తీసి కొత్త 9కె మీడియంలోకి మార్చి, రంగు తిరిగాక మళ్లీ లోపల పెట్టాలి. బోర్డు పొడికి అలవాటు పడిన కల్చర్‌ను తాజా మీడియంలో మాత్రమే పెంచుతూ పోతే ఆ తట్టుకునే గుణం తగ్గిపోవచ్చు. అందుకే ప్రతి మార్పిడిలోనూ కొద్దిగా పొడి వేస్తూ ఉండండి. సీసా మీద జీవి పేరు, భాండాగారం ఇచ్చిన నంబరు, చివరిసారి మార్చిన తేదీ, ఎంత పొడికి అలవాటు పడిందో రాసిపెడితే తర్వాతి ఏడాది వచ్చే విద్యార్థులు మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.